తీగెను అడిగి

నయీంనగర్‌లో మేడ మీద ల్యాబు. రాత్రి పదకొండు.
కింద మిర్చిబజ్జీల బండి మూసేసిన చప్పుడు.
బల్ల మీద నా పాము:
పెన్సిల్ కంటే సన్నం, మూరెడు పొడుగు,
కడుపులో నాలుగు ఉక్కు తీగెలు,
తల దగ్గర ఆవగింజంత కెమెరా.

కుడి తీగెను గుంజితే కుడికి వంగాలి.
వంగుతుంది.
అక్కడి నుంచి ఎడమకు తిరగమంటే మాత్రం
క్షణం సేపు వినిపించుకోదు.
మోటారు తిరిగింది, తీగె కదిలింది,
తల అక్కడే.
తర్వాత ఒక్కసారిగా ఎగిరి
పళ్లెంలోని మేక ఊపిరితిత్తిని గీరింది.

మండిబజార్‌లో పొద్దున కొన్న ఊపిరితిత్తి.
కుక్కకా అని అడిగాడు కొట్టు అతను.
చదువుకు అన్నాను.

ఆ క్షణానికి పుస్తకాల్లో పేరుంది, లెక్కలున్నాయి.
పదకొండు నెలలుగా ఆ లెక్కల్లోనే ఉన్నాను.
కాగితం మీద సరిపోతాయి.
మాంసం మీద సరిపోవు.

లైట్లు ఆర్పుతవా లేదా బిడ్డా అంటూ
టార్చి పట్టుకొని ఓదేలు తాత వచ్చాడు.
మా బిల్డింగు వాచ్‌మన్.
అంతకుముందు ముప్పై ఒక్కేళ్లు
పొత్కపల్లి కేబిన్‌లో లీవర్లు గుంజిన మనిషి.
పామును చూశాడు, తీగెలు చూశాడు,
ఇదేంది అని అడగలేదు,
స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

"మాది ఎనిమిది వందల గజాల తీగె.
ఈడ లీవర్ గుంజితే ఆడ సిగ్నల్ రెక్క దిగాలె.
ఎండకాలం తీగె సాగుతది,
నిండా గుంజినా రెక్క సగమే దిగుతది.
సగం దిగిన రెక్కను డ్రైవర్ నమ్మడు.
సలికాలం ముడుసుకుంటది,
ముట్టకముందే ఉలిక్కిపడ్తది.
కొత్తోడు లీవర్ గుంజుతడు.
పాతోడు ముందుగాల తీగెను అడుగుతడు."

ఎట్ల అడుగుతవు తాతా?

"సిన్నగ. నిద్రపోయేటోని బొటనేలు కదిపినట్టు.
ఇయ్యాల నీల ఎంత వదులున్నదే అని.
చెప్తది. చెవికి కాదు, చెయ్యికి."

ఆ రాత్రి ప్రోగ్రాంలో పన్నెండు వరుసలు కొట్టేసి
మూడు రాశాను.
తిరిగే ముందు, తల కదలనంత మెల్లగా, తీగెను తాకు.
బిగువు ఎక్కడ మొదలైందో గుర్తుపెట్టుకో.
లెక్క అక్కడి నుంచి పెట్టు.

తెల్లారి గీత పడలేదు.
ఐదోసారి పడింది. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

శనివారం డాక్టర్ నుస్రత్ వచ్చి పిడి పట్టుకున్నారు.
ఎడమకు, ఇంకా ఎడమకు.
రక్తనాళం గోడ దగ్గర పిడి బిగుసుకుంది,
నేను బిగుసుకోమని రాసినట్టే.
"ఇరవై రెండేళ్ల చెయ్యి ఇది.
ఆపడానికి మీ డబ్బా ఎవరు?"
నా దగ్గర జవాబు లేదు.

గేటు దగ్గర బీడీ ఆర్పి ఓదేలు తాత అన్నాడు:
"ఒకనాడు పద్నాలుగో లీవర్ రాలే.
తిట్టిన. కాలు పెట్టి తన్నిన.
దారి సాఫు లేకుంటే లోపల తాళం పడ్తది,
ఎంతటోని చెయ్యికైనా లొంగది.
కిటికీలకెల్లి చూస్తే
దీపం లేని బొగ్గు వ్యాగన్లు నాలుగు, ఆ లైన్ మీదనే.
ఔటర్ల ప్యాసింజర్ కూత పెడ్తున్నది."

కొంచెం ఆగి,
"గని ఇంకోనాడు ఉత్తగనే రాలే.
తాళంల ఎలుక సచ్చి ఇరుక్కున్నది.
నలభై నిమిషాలు బండి ఆగింది.
అండ్ల నొప్పులు పడే ఆడిమనిషి ఉండె."

ఏమైందని అడిగితే
ఇంకో బీడీ వెతుక్కున్నాడు.

నన్ను నిద్రపోనివ్వనిది ఆ రెండో ముచ్చటే.
ఇప్పుడు పిడి బిగుసుకోదు, బరువెక్కుతుంది,
గోడకు ఎంత దగ్గరైతే అంత.
ఇంకా తోస్తే తోయనిస్తుంది,
తెలిసే తోశారని రాసిపెట్టుకుంటుంది.
నుస్రత్ గారు రెండుసార్లు తోశారు.
మూడోసారి ఆగారు.
ఆగినప్పుడు ఏమీ అనలేదు.

పొత్కపల్లిలో ఆ లీవర్లు లేవు, బటన్లొచ్చాయి.
తాత అరచేతిలో కాయ మాత్రం అట్లనే ఉంది.
నిన్న పామును ఆ చేతిలో పెట్టాను.
ఒక్కో తీగెను గోటితో తట్టి, కళ్లు మూసుకొని,
"మూడోది ఇంక నిద్రలనే ఉన్నది" అన్నాడు.

మీటరు చూస్తే రెండోది అంటున్నది.
స్క్రూడ్రైవర్ తీశాను.
పామును విప్పాలా మీటరును విప్పాలా
ఇంకా అనుకోలేదు.